కణాల పట్టువిడుపులు

డాక్టరు గారు కాగితం మీద ఒక గోడ గీశారు. ఇటుకల్లాంటి గళ్లు, వాటి మధ్య గీతలు. "ఇవి చర్మంలోని కణాలు. ఈ గీతలు వాటిని అతికించి ఉంచే జిగురు. మీకు వచ్చిన జబ్బులో ఆ జిగురు కరిగిపోతోందమ్మా. అందుకే చర్మం పొరలుగా ఊడుతోంది" అన్నారు. పెద్దమ్మ ఆ బొమ్మను చాలాసేపు చూసింది. అప్పటికి ఆరు నెలలుగా ఆమెకు నోటి నిండా పుండ్లు. మాట్లాడడమే కష్టంగా ఉండేది. అయినా కూడదీసుకుని అడిగింది: "మరి ఆ జిగురు బయటి నుంచి పూయడం కుదరదా డాక్టరు గారూ?"

ఆ బొమ్మ చూసిన వారెవరైనా అడగవలసిన ప్రశ్న అది. గోడలో సందులు పడితే పూడుస్తాం కదా. "అలా కుదరదమ్మా, లోపలికి మందు వాడాలి" అని ఆయన చీటీ రాసి ఇచ్చారు. ఎందుకు కుదరదో విడమరిచే తీరిక ఆయనకు లేదు, బయట చాలామంది ఎదురు చూస్తున్నారు. విటమిన్ లోపమేనంటూ ఆరు నెలలు మాత్రలు మింగించిన వాళ్ల తర్వాత, జబ్బు పేరు సరిగ్గా చెప్పింది ఈయనే: పెంఫిగస్ వల్గారిస్. ఆయన మీద నాకు కృతజ్ఞతే ఉంది. నా పేచీ అంతా ఆ 'జిగురు' అన్న మాటతోనే.

ఆ రోజు నుంచి ఈ విషయం మీద దొరికినదల్లా చదువుతూ వచ్చాను. చదివేకొద్దీ ఒక అభిప్రాయం గట్టిపడింది. చర్మం, పేగు లోపలి పొర, ఊపిరితిత్తుల గదులు, మూత్రనాళాలు, ఇలా శరీర భాగాలను లోపలా బయటా కప్పి ఉంచే ప్రతి ఉపకళా కణజాలంలోనూ కణాలను కలిపి ఉంచే ప్రోటీన్లను జిగురు అనడం వల్ల కొంచెం ఖచ్చితత్వం పోతే పర్వాలేదు అనుకోవచ్చు. కానీ పోయేది కొంచెం కాదు. అసలు సంగతి మొత్తం పోతుంది. జిగురు ఒకసారి ఆరిపోతే దానికి ఇక పని ఉండదు. ఈ ప్రోటీన్లు క్షణం తీరిక లేకుండా పని చేస్తేనే కణజాలం నిలుస్తుంది. ఆ పనిలో పట్టుకోవడం ఎంత ఉందో వదలడం కూడా అంతే ఉంది. దీనికి తెలుగులో ఎప్పటి నుంచో ఒక మాట ఉంది: పట్టువిడుపు. మనుషుల మధ్య రాజీ గురించి వాడే ఆ మాటను దాని మొదటి అర్థంలో తీసుకుంటే, కణాల మధ్య జరుగుతున్నది అదే.

ఒకే ఎంజైమ్, రెండు ఫలితాలు

1970ల మధ్యలో మసాతోషి తకేయిచి అనే జపాను శాస్త్రవేత్త క్యోటో నుంచి బాల్టిమోర్‌లోని కార్నెగీ సంస్థ పిండశాస్త్ర విభాగానికి వెళ్లారు. కణాలను ట్రిప్సిన్ అనే, ప్రోటీన్లను కోసే ఎంజైమ్‌తో విడదీసి, అవి మళ్లీ ఎలా గుమిగూడతాయో చూడడం ఆయన పని. క్యోటోలో అలా విడదీసిన కణాలు కాసేపటికే తిరిగి ఒకదాన్నొకటి పట్టుకునేవి. బాల్టిమోర్‌లో పట్టుకోలేదు. కారణం వెతికితే, అక్కడి ట్రిప్సిన్ ద్రావణంలో ఈడీటీఏ అనే రసాయనం కలిపి ఉందని తేలింది. ఈడీటీఏ చుట్టుపక్కల ఉన్న కాల్షియాన్ని లాగేసుకుంటుంది. అంటే కాల్షియం ఉన్నంతసేపూ కణం మీది ఏదో ఒక ప్రోటీన్ ట్రిప్సిన్ కోతకు లొంగలేదు. కాల్షియం పోగానే తెగిపోయింది, దానితో పాటే కణాల పట్టూ పోయింది. 1977లో ఆయన ఈ సంగతి ప్రచురించారు. ఆ ప్రోటీన్‌కు 1984లో కేడ్‌హెరిన్ అని పేరు పెట్టారు.

రెండు ప్రయోగశాలల్లో ఫలితాలు వేరుగా వస్తే, ఎక్కడో పొరపాటు జరిగిందని పక్కన పెట్టేయడం తేలిక. ఆయన ఆ తేడా దగ్గరే ఆగి ఆలోచించినందుకు మనకు ఇంత తెలిసింది.

ఇక్కడ కాల్షియం చేసే పని గమనించాలి. దాన్ని సిమెంటులాగా ఊహించుకోవడం సహజం, నేనూ అలాగే అనుకున్నాను. కానీ కాల్షియం రెండు కణాల మధ్య ఉండి అతికించదు. ఉపకళా కణాల్లో ఉండే ఇ-కేడ్‌హెరిన్‌ను తీసుకుంటే, కణం బయట దానికి గుచ్చిన పూసల్లాగా వరుసగా అయిదు భాగాలు ఉంటాయి. ప్రతి రెండు పూసల మధ్యా మూడేసి కాల్షియం అయాన్లు కూర్చుంటాయి. అవి ఉంటే ఆ దండ బిగిసి, కొద్దిగా వంగిన చేయిలా నిలబడుతుంది. లేకపోతే వేలాడిపోతుంది, ఎంజైమ్‌కు దొరికిపోతుంది. కాల్షియం చేతికి బిగువునిస్తుంది. పట్టుకోవలసింది చేయే.

ఆ చేతి కొసన జరిగేది ఇంకా ముచ్చటైనది. కొసలో ట్రిప్టోఫాన్ అనే ఒక అమైనో ఆమ్లం ఉంటుంది, పక్కనే అది ఒదిగే చిన్న జేబు ఉంటుంది. ఎదురు కణం నుంచి మరో కేడ్‌హెరిన్ వచ్చినప్పుడు, రెండూ తమ ట్రిప్టోఫాన్‌ను తమ జేబులోంచి తీసి ఎదుటిదాని జేబులో పెడతాయి. ఇచ్చిపుచ్చుకోవడం. సొంత జేబులోనూ అది చక్కగా సరిపోతుంది కనుక ఈ మార్పిడి వల్ల కలిగే లాభం తక్కువ. ఒక్కొక్క జత బంధం అందుకే బలహీనంగా ఉంటుంది, తేలిగ్గా విడిపోతుంది. బలం రావాలంటే అలాంటి జతలు ఒకచోట గుంపుగా చేరాలి. బలమైన ఒకే అతుకు వేయడం ప్రకృతికి చేతకాక ఇలా చేసిందని నేను అనుకోను. గట్టిగా ఉండాలి, మళ్లీ విప్పుకోగలగాలి అన్న రెండు అవసరాలూ కలిసి వచ్చినప్పుడు, బలహీనమైన పట్లు అనేకం ఉండడమే సరైన దారి.

లాగేకొద్దీ బిగిసే ముడి

నన్ను పూర్తిగా ఒప్పించింది మాత్రం కణం లోపల జరిగే కథ. కేడ్‌హెరిన్ తోక కణత్వచం దాటి లోపలికి వస్తుంది. దాన్ని బీటా-కెటెనిన్ అనే ప్రోటీన్ పట్టుకుంటుంది, బీటాను ఆల్ఫా-కెటెనిన్ పట్టుకుంటుంది, ఆల్ఫా వెళ్లి కణానికి లోపలి నుంచి ఆకారమిచ్చే ఆక్టిన్ పోగులను పట్టుకుంటుంది. చాలా ఏళ్లు పుస్తకాల్లో ఇలాగే గొలుసు బొమ్మ వేశారు. 2005లో జేమ్స్ నెల్సన్, విలియం వైస్ బృందాలు ఈ ప్రోటీన్లను విడిగా శుద్ధి చేసి కలిపి చూశాయి. గొలుసు ఏర్పడలేదు. బీటాను పట్టుకున్న ఆల్ఫా, ఆక్టిన్‌ను పట్టుకోలేదు. ఎన్నో పుస్తకాల్లో ఉన్న బొమ్మలో ఒక లంకె గల్లంతైంది.

ఆ చిక్కు వీడడానికి తొమ్మిదేళ్లు పట్టింది. 2014లో అదే బృందాలు, ఇతరులతో కలిసి, ఒక ఆక్టిన్ పోగును రెండు అతి చిన్న పూసల మధ్య లేజరు కిరణాలతో పట్టి ఉంచి, ఈ ప్రోటీన్ల సముదాయానికి తగిలించి లాగి చూశాయి. లాగినప్పుడు పట్టు దొరికింది. లాగుడు లేని గాజు పాత్రలో కనిపించని లంకె, లాగుడులో కనిపించింది. అంతేకాదు, ఒక హద్దు వరకు ఎంత లాగితే అంత ఎక్కువసేపు నిలిచింది. లాగుడుకు ఆల్ఫా-కెటెనిన్ కొంత విచ్చుకుని విన్‌క్యులిన్ అనే మరో ప్రోటీన్‌ను తోడు తెచ్చుకుంటుందని అప్పటికే 2010లో తెలిసి ఉంది.

ఇది చదివిన రాత్రి నాకు చాలాసేపు నిద్ర పట్టలేదు. ఏ జిగురైనా లాగేకొద్దీ ఊడడానికి దగ్గరవుతుంది. ఇది లాగేకొద్దీ బిగిసే ముడి. ఊపిరి పీల్చిన ప్రతిసారీ, మూత్రాశయం నిండిన ప్రతిసారీ, పేగు కదిలిన ప్రతిసారీ సాగే కణజాలానికి కావలసింది ఇటువంటి పట్టే. ఎంత లాగుతున్నారో తెలుసుకుని, దానికి తగినట్టు సర్దుకునేది. జిగురు అన్న మాటలో ఈ తెలుసుకోవడానికి చోటు లేదు.

పెద్దమ్మ ప్రశ్నకు జవాబు

చర్మంలో కేడ్‌హెరిన్లతో పాటు వాటి దగ్గరి చుట్టాలూ ఉంటాయి: డెస్మోగ్లీన్లు, డెస్మోకోలిన్లు. ఇవి డెస్మోసోమ్ అనే బొత్తాముల్లాంటి బిగింపుల్లో ఉంటాయి. లోపల వీటిని పట్టి ఉంచేది గట్టి కెరటిన్ పోగులు. పెంఫిగస్ రోగుల రక్తంలో చర్మ కణాల మధ్యకు చేరే యాంటీబాడీలు ఉన్నాయని 1964లో ఎర్నెస్ట్ బ్యూట్నర్, రాబర్ట్ జోర్డన్ కనుగొన్నారు. అవి పట్టుకుంటున్నది డెస్మోగ్లీన్ 3 అని 1991లో మసాయుకి అమగాయి, జాన్ స్టాన్లీ బృందం తేల్చింది. అంటే శరీరం తన రక్షణ కోసం తయారు చేసుకున్న యాంటీబాడీలే కణాల చేతులకు అడ్డుపడుతున్నాయి. అడ్డుపడడంతో ఆగదు. యాంటీబాడీ తగిలిన డెస్మోగ్లీన్‌ను కణం తనంతట తానే లోపలికి లాక్కుంటుంది కూడా. ఈ రెండింటిలో ఏది ముఖ్యం అన్న వాదన పరిశోధకుల మధ్య చాలాకాలంగా నడుస్తోంది. ఏది ముఖ్యమైనా, ఇక్కడ కరుగుతున్నదేమీ లేదు.

ఈ ఒక్క సంగతి అర్థమైతే పెద్దమ్మ ప్రశ్నకు జవాబు దానంతట అదే వస్తుంది. ఆమె కణాలు రోజూ కొత్త చేతులు చాస్తూనే ఉన్నాయి. వాటిని అడ్డుకునేవాళ్లను తగ్గించాలి, అంతే. స్టెరాయిడ్లు చేసేది ఆ పనే. 1950లలో అవి రాక ముందు ఈ జబ్బు వచ్చినవారిలో ఎక్కువమంది బతికేవారు కాదు. ఆ యాంటీబాడీలకు మూలమైన బి-కణాలను తొలగించే రిటుక్సిమాబ్‌కు 2018లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఈ జబ్బు కోసం అనుమతి ఇచ్చింది. ఈ మందులు ఏవీ కణాలను అతికించవు. అడ్డు తొలగిస్తాయి, కణాలు తమ పని తాము చేసుకుంటాయి.

ఆమె జబ్బు నోటిలోనే ఎందుకు మొదలైందో కూడా గోడ బొమ్మ చెప్పలేదు. నోటి లోపలి పొరలో ప్రధానంగా ఉండేది డెస్మోగ్లీన్ 3. చర్మంలో దానికి తోడు డెస్మోగ్లీన్ 1 కూడా ఉంటుంది. ఒకదాని చేయి జారితే రెండోది ఆపుతుంది. అందుకే మూడో రకం మీద యాంటీబాడీలు మొదలైనప్పుడు ముందు నోరు పుండవుతుంది, చర్మం కొంతకాలం ఓర్చుకుంటుంది. తర్వాత ఒకటో రకం మీద కూడా యాంటీబాడీలు వచ్చాయంటే చర్మం కూడా ఊడడం మొదలవుతుంది. పెద్దమ్మకు సరిగ్గా ఇదే వరుసలో జరిగింది. ఈ చిన్న తెలివిడి ఆరు నెలల ముందు ఎవరికైనా ఉండి ఉంటే, నోటి పుండ్లప్పుడే రక్త పరీక్ష చేయించేవాళ్లం. ఆ బాధ నాకు ఇంకా పోలేదు.

బయాప్సీ చిత్రం కూడా నా వాదానికే సాక్ష్యం చెబుతుంది. ఈ జబ్బులో కణాలు ఒకదాన్నొకటి వదిలేసి గుండ్రంగా అయిపోతాయి. కానీ అట్టడుగు వరుస కణాలు మాత్రం తాము నిలుచున్న నేలను వదలవు. ఆ వరుసను వ్యాధి నిర్ధారణ నిపుణులు సమాధిరాళ్ల వరుస అంటారు. అంతా ఒకే జిగురైతే పక్కల ఊడినట్టే అడుగునా ఊడాలి. ఊడదు, ఎందుకంటే నేలను పట్టుకునే ప్రోటీన్లు వేరు. అలాగే పసిపిల్లల చర్మాన్ని కాలినట్టు ఊడగొట్టే ఒక స్టెఫైలోకాకస్ విషం ఉంది. అది డెస్మోగ్లీన్ 1ను కత్తిరిస్తుందని 2000లో, ఆ కోత ఒకే ఒక్క చోట పడుతుందని ఆ తర్వాత తెలిసింది. ఒక్క కోతతో తెగేది చేయి అవుతుంది కానీ జిగురు అవదు.

వదలకపోయినా జబ్బే

పట్టు గురించే ఇంతసేపు చెప్పాను. విడుపు గురించి చెప్పకపోతే మాట సగంలో ఆగినట్టే.

చర్మం పై పొరలో చచ్చిన కణాలు రోజూ మనకు తెలియకుండా రాలిపోతుంటాయి. అవి వాటంతట అవి రాలవు. వాటి మధ్య మిగిలిన డెస్మోసోములను ఎంజైములు పని గట్టుకుని కత్తిరిస్తాయి. మగపిల్లల్లో ఎక్కువగా కనిపించే ఒక రకం ఇక్తియోసిస్ జబ్బులో స్టెరాయిడ్ సల్ఫటేజ్ అనే ఎంజైమ్ లోపిస్తుంది. దానివల్ల కొలెస్టరాల్ సల్ఫేట్ పేరుకుని ఆ కత్తెరలను అడ్డుకుంటుంది. కణాలు రాలవలసిన వేళకు రాలవు, చర్మం చేప పొలుసుల్లా మందంగా కడుతుంది. పెద్దమ్మ జబ్బు పట్టు తప్పడం వల్ల వచ్చింది, ఇది విడుపు తప్పడం వల్ల. బలంగా అతికి ఉండడమే ఆరోగ్యమైతే ఈ రెండోది జబ్బే కాకూడదు.

పేగు సంగతి ఇంకా విచిత్రం. దాని లోపలి పొర మూడు నుంచి అయిదు రోజుల్లో పూర్తిగా మారిపోతుంది. రోజూ అన్ని కణాలు వెళ్లిపోతున్నా గోడలో చిల్లు పడదు. కాలం తీరిన కణం చుట్టూ ఉన్న పొరుగు కణాలు ఆక్టిన్, దాన్ని లాగే మయోసిన్ అనే ప్రోటీన్ కలిసిన వలయాన్ని బిగించి దాన్ని పైకి నెట్టేస్తాయి. అది పూర్తిగా బయటపడే ముందే దాని అడుగున పొరుగు కణాలు చేతులు కలుపుతాయి. కింద కొత్త పట్టు దొరికాకే పైన పాత పట్టు వదులుతాయి.

పిండం మొదటి రోజుల్లోనూ ఇదే. చిట్టెలుక పిండం ఎనిమిది కణాల దశలో ఉండగా, అంతవరకు విడివిడి గోళీల్లా ఉన్న కణాలు ఉన్నట్టుండి దగ్గరగా ఒత్తుకుని ఒక ముద్దగా మారతాయి. ఇ-కేడ్‌హెరిన్ అంతకు ముందు నుంచే వాటి మీద ఉంటుంది. 1977లో రోల్ఫ్ కెమ్లర్, ఫ్రాంస్వా జాకబ్, వారి సహచరులు ఒక రకం యాంటీబాడీలతో ఈ ఒత్తుకోవడాన్ని ఆపి చూశారు. కణాలు మళ్లీ గోళీల్లా అయిపోయాయి. యాంటీబాడీలను తొలగిస్తే మళ్లీ దగ్గరయ్యాయి. వాళ్ల యాంటీబాడీలు అడ్డుకున్నది ఇ-కేడ్‌హెరిన్‌నే అని తర్వాత తేలింది. ఈ ప్రయోగం నాకు మరో కారణంతో నచ్చింది. అడ్డు తొలగితే కణాలు మళ్లీ పట్టుకుంటాయన్న ధైర్యం అందులో ఉంది. ఆసుపత్రి వరండాలో కూర్చుని చదవదగ్గ విషయం.

నా మాటకు ఎదురు నిలిచేవి

జీవశాస్త్రం చెప్పే మిత్రుడొకరు నా వాదన విని ఒప్పుకోలేదు. "పన్నెండేళ్ల పిల్లలకు కేడ్‌హెరిన్, కెటెనిన్ అంటే భయపడతారు. జిగురు అంటే చప్పున అర్థమవుతుంది, మిగతాది పెద్దయ్యాక నేర్చుకుంటారు" అన్నారు. సరే అన్నాను. కానీ మరుసటి వారం ఆయనే ఫోను చేసి తరగతిలో జరిగింది చెప్పారు. కణాలను జిగురు అతికిస్తుందని చెప్పాక, గాయం ఎలా మానుతుందని అడిగారట. ఒక అమ్మాయి కొంచెం ఆలోచించి, "అయితే అది ఎప్పటికీ ఆరని జిగురై ఉండాలి సార్" అందట. ఆ అమ్మాయి పాఠం కంటే ముందుకు వెళ్లింది. పిల్లలకు చేతులు పట్టుకుని వలయంగా నిలబడడం తెలుసు, ఒకరు తప్పుకుంటే పక్కవాళ్లు చేతులు కలపడం తెలుసు. కఠినమైన పేర్లు ఒక్కటీ చెప్పకుండా సరైన బొమ్మను ఇవ్వవచ్చు.

అంతకంటే గట్టి అభ్యంతరం డేవిడ్ గ్యారడ్ పరిశోధనల్లో ఉంది. కణజాలం స్థిరపడ్డాక డెస్మోసోములు ఒక ప్రత్యేక స్థితిలోకి వెళతాయని ఆయన బృందం చూపించింది. అప్పుడు చుట్టూ కాల్షియం తీసేసినా అవి విడిపోవు. ఇది నిజంగా జిగురు లక్షణమే. చర్మం పై పొరలో కణాల మధ్య నిండి ఉండే కొవ్వు పదార్థాలనైతే ఇటుకల మధ్య సున్నంతో పోల్చడం చాలావరకు సబబే. ఈ రెండింటినీ దాచిపెట్టి నా వాదాన్ని నెగ్గించుకోలేను. కానీ అదే బృందం మరొకటి కూడా చూపించింది. గాయం అంచున ఉన్న కణాల్లో డెస్మోసోములు ఆ బిగువు స్థితిని వదిలి, మళ్లీ కాల్షియం మీద ఆధారపడే స్థితికి వచ్చేస్తాయి. గాయాన్ని కప్పడానికి కణాలు కదలాలి, కదలాలంటే వదలగలగాలి. అవసరం వచ్చినప్పుడు మెత్తబడే గట్టిదనాన్ని నేను పట్టువిడుపు కిందే లెక్కిస్తాను. ఇక్కడ నేను కొంచెం సాగదీస్తున్నానేమో అన్న అనుమానం నాకు లేకపోలేదు.

క్యాన్సర్ దగ్గర నా సొంత ఊహే తప్పింది. కణాల పట్టు పోతే క్యాన్సర్ పాకుతుంది, అంతే అనుకున్నాను. దానికి ఆధారాలూ ఉన్నాయి. 1998లో న్యూజీలాండ్‌లోని ఒక మావోరీ కుటుంబంలో తరతరాలుగా వస్తున్న జీర్ణాశయ క్యాన్సర్‌కు ఇ-కేడ్‌హెరిన్ జన్యువులోని లోపమే కారణమని తేలింది. లోబ్యులార్ రకం రొమ్ము క్యాన్సర్‌లో ఆ ప్రోటీన్ పోయి, కణాలు ఒంటరిగా ఒకదాని వెనుక ఒకటి బారులు తీరి కనిపిస్తాయి. కానీ చాలా క్యాన్సర్లు ఇ-కేడ్‌హెరిన్‌ను ఉంచుకునే పాకుతాయి. 2019లో ఆండ్రూ ఇవాల్డ్ బృందం ఎలుకల మీద చేసిన పనిలో, ఆ ప్రోటీన్ తీసేసిన రొమ్ము క్యాన్సర్ కణాలు చుట్టుపక్కలకు ఎక్కువగా చొచ్చుకుపోయాయి, కానీ దూరపు అవయవాల్లో నిలదొక్కుకోలేక ఎక్కువగా చనిపోయాయి. దారిలో బతకడానికి క్యాన్సర్ కణాలకు కూడా ఒకదాని చేయి మరొకటి కావాలి. ఇది చదివాక, పట్టు మంచిది, విడుపు చెడ్డది అని గాని, అందుకు తిరగేసి గాని చెప్పే సాహసం చేయను.

'చేయి' అన్న మాటకూ దాని దోషం ఉంది. చేతి వెనుక మనసు ఉంటుంది; ప్రోటీన్‌కు మనసు లేదు. కణాలు కావాలని పట్టుకుంటాయన్న భ్రమ కలిగించకుండా ఈ మాట వాడడం కష్టం. పెద్దమ్మ ఒకసారి "నా కణాలకు నా మీద కోపం వచ్చిందా" అని అడిగినప్పుడు ఆ కష్టం నాకు తెలిసింది. కోపం కాదు, ఎవరి తప్పూ కాదు, ఆ యాంటీబాడీలు గుర్తు పట్టడంలో పొరపాటు చేశాయి అని చెప్పాను. అయినా జిగురు అన్నప్పుడు ఆమె బయటి నుంచి పూసే మందు కోసం ఎదురు చూసింది. చేతులు అన్నాక, మాత్రలు దేనికో అడిగి తెలుసుకుని వేళకు వేసుకుంది. నాకు ఆ తేడా చిన్నది కాదు.

మొన్న మళ్లీ వెళ్లాం. నోటి పుండ్లు చాలావరకు మానాయి. డాక్టరు గారు ఆమె భుజం దగ్గర, మచ్చ లేని చోట బొటనవేలితో కాస్త ఒత్తి పక్కకు రుద్దారు. మొదటిసారి ఇలాగే చేసినప్పుడు పై పొర జారి ఊడి వచ్చింది. దాన్ని నికోల్‌స్కీ పరీక్ష అంటారని తర్వాత చదివాను. ఈసారి చర్మం కదలలేదు. ఆయన ఇంకోచోట కూడా రుద్ది చూశారు. స్టెరాయిడ్ మోతాదు తగ్గించే ముందు ఇంకో నెల ఆగి, రక్తంలో యాంటీబాడీల లెక్క చూద్దామన్నారు.